అట్ట లేని పుస్తకం

చిత్తూరు పాత బస్టాండు వెనకాల
సైకిలు షాపుకీ టీ అంగడికీ నడుమ
ఎనిమిదడుగుల వెడల్పు, నా అద్దె పుస్తకాల కొట్టు.
ఇప్పుడెవురు చదవతారప్పా అంటారు.
ఈ ఒక్క నవలకి మాత్రం వరస ఉండాది,
నోటుబుక్కులో పద్నాలుగు పేర్లు రాసి పెట్టినాను.

మూడో చేతికే అట్ట ఊడిపోయింది.
దాంతో పుస్తకం పేరు పోయింది, రాసినాయన పేరూ పోయింది.
"ఆ లాడ్జి కత ఇయ్యి" అని ఒకరు,
"బెల్లం మండీ హత్య తిరిగొచ్చిందా" అని ఇంకొకరు.

ఎనభై మూడో సంవత్సరం. వాన లేని ఆషాఢం.
మండీ వీధి లాడ్జి, మేడమీద కడగది,
మంచం కింద ఒక ఆడమనిషి శవం.
తలుపులు పగలగొట్టినా
రేడియో పాడతానే ఉంటుంది.
అట్లా మొదలవతుంది.

తౌఫీక్‌కి ఇరవై ఏళ్లు.
పుస్తకాన్ని గుండెకానించుకోని తెచ్చినాడు.
"ఏం రోజులన్నా అవి!
ట్రంకు కాలు కోసం రాత్రంతా కాచుకోవడం,
పెన్సిలు దూర్చి క్యాసెట్టు తిప్పడం,
సోడా బుడ్డిలో గోలీ చప్పుడు...
నేనప్పుడు పుట్టుండాల్సింది."
పుట్టుంటే నీళ్ల లారీ ఎనకాల బిందె పట్టుకోని
నాతో పరిగెత్తుండేవాడివి నాయనా
అనుకున్నాను. అనలేదు.
గిరాకీ కదా.

బెల్లం దళారి చెంగల్రాయులుకి ఒకటే కోపం.
"ఆషాఢంలో గానుగ ఆడించినాడు చూడు,
చెరుకు మొగం చూసినోడేనా?
ఎవురు చంపితే నాకేం,
బెల్లం తప్పు రాయకూడదు."
రాత్రి మూడు దాకా లైటార్పలేదని
వాళ్ల ఇంటామె చెప్పింది తర్వాత.

పల్ప్ ఫ్యాక్టరీలో టెంకలు తీసే మునిలక్ష్మి
పసుపు మరకల వేళ్లతో తెచ్చిచ్చింది.
అప్పట్నించీ ప్రతి పేజీ తోతాపురి వాసన.
"అంతా బాగుండాదన్నా.
ఇన్‌స్పెక్టరు తాగే సిగరెట్టుకి పేరుండాది,
వాడి మోటారు సైకిలుకి పేరుండాది,
లాడ్జి కుక్కకి గూడా పెట్టినాడు.
సచ్చిపోయినామెకే లేదు.
కడదాకా ఎతికినాను."
నేను రెండుసార్లు చదివినోణ్ణి.
నాకు తట్టనే లేదు.

రిటైరైన హెడ్డు గురవప్ప
స్టేషను సీను దగ్గర నవ్వినాడంట.
"మేమట్లా కొట్టలేదు" అన్నాడు.
టీ గ్లాసు దించి, కాసేపుండి,
"అంతకంటే ఎక్కువే" అన్నాడు.
పొగిడినాడో తిట్టినాడో.
పోతా పోతా మళ్లా వెనక్కి తిరిగి,
"ఉత్త కల్పనలే. మనూర్లో అట్లాంటిదేం జరగలా."
నేను అడగనే లేదు.

ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో.
చింతపండు మరక, తలవెంట్రుక,
గుర్తు కోసం పెట్టి మర్చిపోయిన పలమనేరు టిక్కెట్టు.
ఒక శుక్రవారం పొద్దున వీపుకి బంక పూస్తా ఉంటే
నూట పన్నెండో పేజీ అంచున
పెన్సిలు రాత. మూడో తరగతిలో
బడి మానేసిన చెయ్యి రాసినట్టు వంకర.
ఈమె పేరు దేశమ్మ.

దాని కింద, ఇంకా చిన్నగా:
పాట నిజమే. రేడియో పక్కగదిది.

నోటుబుక్కు తిరగేసినాను.
పద్నాలుగు పేర్లు, కొట్టేసినవి తొమ్మిది.
ఎవురినీ అడగలా.

ఇప్పుడు కత గురించి ఎవురూ మాట్లాడరు.
చెంగల్రాయులు గానుగ మాట ఎత్తడు.
తౌఫీక్ ఆ పేజీ ఫోనులో ఫోటో తీసుకున్నాడు,
ఏం రోజులన్నా అనలేదు.
మునిలక్ష్మి మళ్లా తీసుకుపోయి
"ఆమె" అని ఉన్నకాడల్లా
దేశమ్మ అని చదువుకున్నదంట, పైకే,
మిషన్ల చప్పుడులో.

నిన్న లైట్లు వేసే వేళకి గురవప్ప వచ్చినాడు.
ఎవురు చెప్పినారో.
పుస్తకం అడిగి, నిలబడే తిప్పినాడు.
వేలు తడిపి, తడిపి, నూట పన్నెండు.
బస్సొకటి రివర్సు తీసి, మళ్లుకోని,
హారను కొట్టి పోయిందాకా చదివినాడు
ఆ మూడు మాటలు.

"రబ్బరుందా?" అన్నాడు.

లేదన్నాను.
డ్రాయరులో ఉండాది.